ప్రభుత్వ టెండర్లో చిన్న యూనిట్ల వాటా: మనలో ఎవరికి వస్తుంది?



తిరుత్తణి వైపు నుంచి ఒక అక్క మాకు ఫోన్ చేశారు. "ఉద్యమ్ సర్టిఫికెట్ ఉంది గదా, ట్రేల టెండర్లో చిన్న యూనిట్ వాటా నాకెందుకు ఇవ్వలేదు?" అని అడిగారు. సర్టిఫికెట్ ఫోటో పంపించమన్నాం. అందులో 'ట్రేడింగ్' అని ఉంది. ఆమె ట్రేలు తయారు చేయరు, కొని అమ్ముతారు. చిక్కు అక్కడే వచ్చింది.

*వాటా అంటే ఏమిటి?*
కేంద్ర ప్రభుత్వ శాఖలు, సంస్థలు ఏటా కొనేదాంట్లో కనీసం 25 శాతం సూక్ష్మ, చిన్న పరిశ్రమల దగ్గర కొనాలి. 2012 ఉత్తర్వులో ఇది 20 శాతం, 2018లో పెంచారు. ఇందులోనే 4 శాతం ఎస్సీ, ఎస్టీ యజమానులకు, 3 శాతం మహిళలకు. తమిళనాడు శాఖల టెండర్లు మాత్రం 1998 నాటి రాష్ట్ర చట్టం కింద నడుస్తాయి. వాటికి నోటీసులో రాసిన షరతులే చూసుకోవాలి.

*ఎవరికి వస్తుంది?*
గూళ్ళు పండించి మార్కెట్లో అమ్మడం వ్యవసాయం. ఈ వాటా దానికోసం కాదు. దారం తీసే రీలింగ్ యూనిట్, చంద్రికలు, ట్రేలు చేసే యూనిట్ తయారీ కిందికి వస్తాయి. వ్యాపారులకు 2021 నుంచి ఉద్యమ్ ఇస్తున్నారు గానీ, అది బ్యాంకు రుణాల కోసమే.

2025 ఏప్రిల్ 1 నుంచి, పెట్టుబడి 2.5 కోట్లు, టర్నోవర్ 10 కోట్లు దాటకపోతే సూక్ష్మ పరిశ్రమ. మన యూనిట్లు దాదాపు అన్నీ ఇందులోనే ఉంటాయి. మహిళల వాటా కావాలంటే యజమాని మహిళ అయ్యుండాలి. భాగస్వామ్యమైతే 51 శాతం తగ్గకుండా మహిళలది ఉండాలి.

*ధర లెక్క*
వాటా అంటే ఎక్కువ ధర ఇస్తారని కాదు. ఉదాహరణకు 1,000 ట్రేలకు టెండర్ వేశారు. పెద్ద కంపెనీ ట్రే 100 రూపాయలకు వేసింది, మీరు 112కు వేశారు. తేడా 15 శాతం లోపే కాబట్టి మిమ్మల్ని పిలుస్తారు. 100కే ఇస్తామంటే 250 ట్రేల దాకా మీకు వస్తాయి. మీకు ఖర్చే 105 పడుతుంటే ఒప్పుకోవద్దు, నష్టం మీదే.

*గుర్తు పెట్టుకోండి*
1. ఉద్యమ్ నమోదుకు ప్రభుత్వం పైసా తీసుకోదు. డబ్బు అడిగే వెబ్‌సైట్లను నమ్మొద్దు.
2. టెండర్ ఫారం ఉచితం, ఈఎండీ కట్టక్కర్లేదు. పని దక్కాక సెక్యూరిటీ డిపాజిట్ మాత్రం కట్టాలి.
3. సరుకు తీసుకున్నాక 45 రోజులు దాటినా డబ్బు రాకపోతే 2006 చట్టం ప్రకారం వడ్డీ అడగొచ్చు.
4. తయారు చేయకుండా 'తయారీ' అని రాయించుకోవద్దు. తప్పుడు వివరాలకు జరిమానా ఉంది.

ఆ అక్క ఇప్పుడు ఇంటి దగ్గరే చంద్రికలు అల్లించే ఆలోచనలో ఉన్నారు. పని మొదలయ్యాక సర్టిఫికెట్ మార్పించుకోమని చెప్పాం. మీరు కూడా ఈరోజే మీ సర్టిఫికెట్ తీసి, అందులో ఏం రాసుందో చూడండి. అనుమానముంటే తిరువళ్లూరు జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడగండి.