చర్మమునకు కాపలా: సొరియాసిస్ మొదలు చర్మ క్యాన్సరు వరకు

నేను వైద్యము ఆరంభించిన తొలి సంవత్సరములలో మా యానాంలో ఒక గృహిణి నడుము మీది పుండుతో నా వద్దకు వచ్చినారు. లంగా బొందు ప్రతిదినము బిగిసే చోట చర్మము ఏండ్ల తరబడి నల్లబడి, పొలుసులు లేచి, చివరకు చిన్న పుండు పడినది. గురువుగారి యింట నేర్చిన విధముగా కషాయముతో కడిగి, జాత్యాది తైలము పట్టించినాను. కొంత మానినట్లు కనిపించి మరల తిరుగబెట్టేది. అట్లు నాలుగు నెలలు గడచినవి. పుండు అంచులు గట్టిపడి పైకి లేచిన పిమ్మటగాని ఆమెను పెద్ద ఆసుపత్రికి పంపలేదు. అక్కడ ముక్క తీసి పరీక్షించి చర్మ క్యాన్సరు అని తేల్చినారు. శస్త్రచికిత్సతో ఆమె బ్రతికినారు. కాని చిన్న కోతతో పోవలసినదానికి పెద్ద కోత, తొడ నుండి తీసిన చర్మపు అతుకు అవసరమైనవి. ఆ తప్పు నాది. ఈ వ్యాసము వ్రాయుటకు అదియే కారణము.

మన శాస్త్రము చెప్పినది

చరకసంహిత చికిత్సాస్థానము 7వ అధ్యాయములో 18 కుష్ఠములు కలవు. వానిలో 7 మహాకుష్ఠములు, 11 క్షుద్రకుష్ఠములు. ఇచ్చట కుష్ఠమనగా నేటి కుష్ఠువ్యాధి ఒక్కటే కాదు. అనేక చర్మరోగములకు అది ఉమ్మడి పేరు. చేప పొలుసులను తలపించు ఏకకుష్ఠమును, నల్లబడి గరుకుగా ఉండు కిటిభమును నేటి ఆయుర్వేద వైద్యులు సొరియాసిస్‌తో పోల్చుదురు. అర్బుదమును సుశ్రుతుడు వేరుగా, గ్రంథి మొదలగు వానితో కలిపి వర్ణించినాడు. ఈ రెండు జాతుల వ్యాధుల నడుమ గల సంబంధమును నేటి రోగనిరోధక శాస్త్రము విప్పి చూపుచున్నది.

లోపల జరుగునది

చర్మపు పై పొరలోని కణములు అడుగున పుట్టి, పైకి చేరి, రాలిపోవుటకు సామాన్యముగా నాలుగు వారములు పట్టును. సొరియాసిస్‌లో ఈ ప్రయాణము కొద్ది దినములలోనే ముగియును. అందుచేతనే తెల్లని పొలుసులు పేరుకొనును. కణములను ఇట్లు తొందరపెట్టునది మన రోగనిరోధక వ్యవస్థయే. చర్మములోని కాపలా కణములు శత్రువు లేకుండగనే మేల్కొని ఇంటర్‌ల్యూకిన్ 23 అను సంకేత పదార్థమును పంపును. దానితో టి కణములు రెచ్చి ఇంటర్‌ల్యూకిన్ 17ను వెదజల్లును. వాపు, ఎరుపు, దురద, పొలుసులు దాని ఫలితములు.

ఈ కాపలాయే మరొక పక్క క్యాన్సరు కణములను పసిగట్టి చంపుచున్నది. మూత్రపిండ మార్పిడి చేయించుకొని, నిరోధకశక్తిని అణచు మందులు ఏండ్ల తరబడి వాడువారిలో, ముఖ్యముగా తెల్లని మేనివారిలో, చర్మ క్యాన్సరు ఎన్నో రెట్లు అధికము. దీనికి విపర్యయము కూడా కలదు. కాపలా కణములకు ఉన్న కళ్ళెమును తొలగించి క్యాన్సరుపైకి వదలు మార్గమును చూపినందుకు జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజో అను శాస్త్రవేత్తలకు 2018లో నోబెల్ బహుమతి లభించినది. మెలనోమా అను ఘోరమైన చర్మ క్యాన్సరులో ఆ చికిత్స ఎందరినో నిలబెట్టినది. అయితే అది పొందినవారిలో కొందరికి సొరియాసిస్ విజృంభించుట, బొల్లి మచ్చలు పడుట కూడా కనబడినది. కాపలా అతిగా అణగినను కీడే, అతిగా లేచినను కీడే. దోషముల సామ్యమే ఆరోగ్యమని మనము చిన్ననాటి నుండి చదివిన మాటకు ఇంతకంటె మంచి ఉదాహరణము నాకు దొరకలేదు.

మూడవ మార్గము కూడా ఒకటి కలదు. ఒకేచోట ఏండ్ల తరబడి రాపిడి, వాపు ఉన్నచో అదియే క్యాన్సరుకు నెలవు కావచ్చును. పాత కాలిన మచ్చల మీద, మానని పుండ్ల మీద ఇట్లు పుట్టును. పంచె బిగించి కట్టు నడుము మీద వచ్చు క్యాన్సరును ఖనోల్కర్, సూర్యాబాయి 1945లో వర్ణించినారు. చీర, లంగా కట్టు స్త్రీలలో వచ్చునది దాని తోబుట్టువే. నా రోగి విషయములో జరిగినది అదే.

గోదావరి సీమ బిడ్డ చేసిన ఉపకారము

సొరియాసిస్‌కు నేడు వాడు మందులలో ముఖ్యమైనది మెథోట్రెక్సేట్. దాని మూలము మన గోదావరి సీమలో పుట్టిన ఒక మహనీయుని కృషి. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరములో జన్మించి, రాజమహేంద్రవరములో చదివి, మద్రాసులో వైద్యవిద్య పూర్తిచేసినారు. వారి సోదరులను సంగ్రహణి వంటి స్ప్రూ వ్యాధి బలిగొన్నది. వారికి కూడా అది సోకగా ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో కోలుకొన్నారని వారి జీవితచరిత్రలు చెప్పుచున్నవి. మద్రాసు ఆయుర్వేద కళాశాలలో కొంతకాలము శరీరశాస్త్రము బోధించి, 1922లో అమెరికా వెళ్ళినారు. 1940లో లెడర్లీ సంస్థలో చేరిన పిమ్మట వారి బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసినది. అది స్ప్రూ రోగులకు ఔషధమైనది. తరువాత ఫోలిక్ ఆమ్లమునకు ప్రతిద్వంద్వియైన అమినాప్టెరిన్‌ను అదే బృందము సిద్ధపరచినది. దానితో సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్త క్యాన్సరును తాత్కాలికముగానైనను వెనుకకు నెట్టగలిగినారు. మెథోట్రెక్సేట్ దాని సోదర ఔషధము. సుబ్బారావుగారు 1948 ఆగస్టులో 53వ ఏట కన్నుమూసినారు. 1951లో కీళ్ళవాత రోగులకు అమినాప్టెరిన్ ఇచ్చిన వైద్యులు వారి సొరియాసిస్ మచ్చలు కూడా మాయమగుట గమనించినారు. క్యాన్సరు మందు చర్మరోగమునకు వచ్చిన మార్గము అది.

సొరియాసిస్‌లో దీనిని వారమునకు ఒక్కసారి మాత్రమే, స్వల్ప మోతాదులో ఇచ్చెదరు. పొరపాటున ప్రతిదినము మ్రింగినచో ఎముక మూలుగ దెబ్బతిని ప్రాణాపాయము కలుగవచ్చును. నోరంతయు పూసి అన్నము తినలేని స్థితిలో ఒక పెద్దాయన నా వద్దకు వచ్చినపుడు వారు చేసినది ఇదే అని తెలిసి ఆ గడియలోనే ఆసుపత్రికి పంపినాను. ఈ మందు వాడుచు మద్యము ముట్టరాదు. గర్భిణులు వాడరాదు. రక్త పరీక్ష, కాలేయ పరీక్ష వైద్యుడు చెప్పిన ప్రకారము చేయించవలెను.

బావంచాలతో జాగ్రత్త

మనవారు బొల్లికి, పొలుసుల వ్యాధికి బావంచాలు నూరి పట్టించి ఎండలో కూర్చొందురు. ఇది మంచి మందే. కాని ఆ గింజలలో సోరాలెన్ అను పదార్థము కలదు. అది ఎండతో కలిసి చర్మమును బొబ్బలెక్కించును. సోరాలెన్‌తో అతినీల లోహిత కిరణములు జోడించిన చికిత్స 1974 నుండి సొరియాసిస్‌కు ప్రసిద్ధమైనది. దానిని దీర్ఘకాలము పొందిన తెల్లజాతి రోగులలో చర్మ క్యాన్సరు పెరుగుట పిమ్మట వెల్లడియైనది. మన ఛాయలోని మెలనిన్ కొంత రక్షించును, పూర్తిగా కాదు. బావంచాలు లోనికి పుచ్చుకొన్న కొందరిలో కాలేయము దెబ్బతినిన సంగతి కూడా వైద్య పత్రికలలో నమోదైనది. కావున వైద్యుని పర్యవేక్షణ లేక ఇంట వాడవలదు.

ఇంట పాటించదగినవి

1. సొరియాసిస్ మచ్చలను గోకరాదు, పొలుసులు ఊడబెరకరాదు. గోకినచోట కొత్త మచ్చ పుట్టును.
2. గోరువెచ్చని నీటి స్నానము, ఘాటైన సబ్బుకు బదులు మెత్తని పెసరపిండి, తడి ఆరకముందే కొబ్బరినూనె పట్టించుట సుఖమునిచ్చును.
3. లంగా బొందు సన్నని తాడుగా కాక వెడల్పుగా ఉండవలెను. కట్టు చోటును అప్పుడప్పుడు మార్చవలెను. నల్లబడిన చోట పొలుసులు లేచినచో ఉపేక్షింపరాదు.
4. పేరు, వివరము లేని పొట్లములు, గుళికలు కొనరాదు. పాషాణము కలసిన మందులు చాలాకాలము వాడినచో ఏండ్ల తరువాత చర్మ క్యాన్సరు రావచ్చును.
5. నాలుగు వారములలో మానని పుండు, ముట్టుకొన్నచో రక్తము కారు పొక్కు, రంగు లేక అంచు మారుచున్న పుట్టుమచ్చ, అరికాలిలోనో గోరుక్రిందనో పెరుగు నల్లమచ్చ: వీనిలో ఏది కనబడినను ముక్క తీసి పరీక్షింపజేయవలెను.

ముక్క తీసినచో క్యాన్సరు పాకునను భయము మన ఇండ్లలో బలముగా ఉన్నది. అది నిజము కాదు. నాటి నుండి నేను ఏ మానని పుండుకును తైలముతో నాలుగు వారములు మించి కాలము గడపలేదు. మీరును గడపకుడు.