నంద్యాలకును ఆళ్లగడ్డకును నడుమ

ధ్యాన భాగము: మత్తయి 5:23, 24, ఎఫెసీయులకు 4:26



కొండమీది ప్రసంగములో ప్రభువు, బలిపీఠమునకు కానుక తెచ్చిన ఒక మనుష్యునిగూర్చి చెప్పెను. తనవలన నొచ్చుకొన్న సహోదరుడు ఒకడు కలడని అతనికి అచ్చట జ్ఞాపకము వచ్చినయెడల, కానుక సంగతి తరువాత చూడవచ్చును, ముందు ఆ సహోదరుని యింటికి పొమ్మనెను.

ఇది చదువునప్పుడు మనము ఒక సంగతి మరచుచున్నాము. ప్రభువు ఈ మాట చెప్పినది గలిలయలో. బలిపీఠమో యెరూషలేములో నున్నది. గలిలయవారు అచ్చటికి పోవలెనంటే సుమారు మూడు దినములు నడువవలెను. ఆ మనుష్యుడు అంతదూరము తిరిగి నడిచి, సమాధానపడి, మరల మూడు దినములు నడిచి రావలెను! అంతవరకు అతని గొఱ్ఱెపిల్లను ఎవరు కాచుదురు? ప్రభువు ఆ చింత పెట్టుకొనలేదు. తప్పు ఎవరిదని కూడ విచారింపలేదు. ఎవరికి జ్ఞాపకము వచ్చునో వారే లేవవలెను.

నంద్యాలనుండి ఆళ్లగడ్డకు సుమారు 40 కిలోమీటర్లు. బస్సులో గంట ప్రయాణము.

ఆ గంట దూరములో ఇద్దరు అన్నదమ్ములు మాకు తెలిసియుండిరి. అన్న నంద్యాలలో స్థిరపడెను. తమ్ముడు ఆళ్లగడ్డ దగ్గర పల్లెలో సేద్యము చేయుచుండెను. పొలము గట్టు విషయమై మాట పెరిగి, తుదకు మాటలే నిలిచిపోయెను. ఇద్దరును ఆదివారము గుడి మాననివారే, ప్రభువు బల్లయొద్ద చేయి చాచువారే. బంధువుల పెండ్లిలో మాత్రము ఒకరు పందిటికి ఈ ప్రక్క, ఒకరు ఆ ప్రక్క. తమ్ముడు ఒక దినము మాతో, "అన్న ఒక్క తూరి వచ్చి మా ఇంట్లో ఇన్ని మజ్జిగ తాగిపోతే చాలు అయ్యగారూ, ఆ గట్టు ఆయన్నే తీసుకోనీ" అనెను.

ఆ మాట మేము అన్నకు చేర్చవలసియుండెను. క్రిస్మస్ పోనిమ్మనుకొంటిమి. శనగ కోతలు కానిమ్మనుకొంటిమి. శ్రమదినములలో ఎటులైనను మనస్సు మెత్తబడును గదా, అప్పుడు చెప్పుదమనుకొంటిమి. ఆ శ్రమదినములలోనే తమ్ముడు ప్రభువునందు నిద్రించెను. అన్న వచ్చెను, అదే బస్సులో, అదే గంటలో. సమాధియొద్ద మమ్మును ఒక్కటే అడిగెను: "అయ్యగారూ, వాడు నా గురించి ఏమన్నా అన్నాడా?" మజ్జిగ మాట అప్పుడు చెప్పితిమి. ఆయన సమాధిమీది మన్ను చేతితో సవరించుచు చాలసేపు కూర్చుండెను. మేము ఆయన ముఖము చూడలేకపోతిమి.

పౌలు కోపమునకు ప్రొద్దుగూకువరకే గడువు ఇచ్చెను. మనమైతే పండుగనుండి పండుగకు గడువు పెంచుచున్నాము. సంఘములకును ఇది తప్పలేదు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు, నంద్యాల ప్రాంతపు ఆంగ్లికను విశ్వాసులలో అనేకులు అందులో నిలువలేదు. నంద్యాల అధ్యక్ష మండలము ఆ సంఘములో చేరినది 1975లో. ఇరుప్రక్కలవారికిని మనస్సాక్షి కారణములు ఉండెను, వాటిని మేము తేలిక చేయము. అయినను 28 సంవత్సరములు! 1947లో బాప్తిస్మము పొందిన పసిబిడ్డ అప్పటికి తన బిడ్డలను ఎత్తుకొని గుడికి వచ్చు ఈడుదాయెను.

ఆ అన్న ఇప్పుడు నెలకొకసారి ఆళ్లగడ్డ ప్రక్కకు పోయి, మరదలి యింట మజ్జిగ త్రాగి వచ్చుచున్నాడు. మాకు తెలిసి అచ్చట ఇట్టి ఇండ్లు మరి రెండు కలవు. ఈ ఆదివారము ఆరాధన కాగానే మేము బస్సు ఎక్కుచున్నాము.