బొగ్గు ఎరువు: కబురుకు ముందు బూడిద చూడాలి

బొగ్గుతో ఎరువు తీసే పద్ధతి విదేశాలకు వెళుతోందన్న కబురు పుడితే వాటాల ధర ముందు ఎగురుతుంది, ఫ్యాక్టరీ లెక్క తర్వాత తేలుతుంది. మెట్టుగూడ పక్క నుంచి కాజీపేట మీదుగా వెళ్లే రైలు మార్గంలో రామగుండం ఇందుకు పాఠం.

బొగ్గును ఆవిరి, ఆక్సిజన్‌లతో వాయువుగా మార్చి అమ్మోనియా, దాని నుంచి యూరియా తీస్తారు. జర్మనీవారి కాపర్స్-టోట్జెక్ పద్ధతి దక్షిణాఫ్రికాలోని మోడర్‌ఫాంటెయిన్‌లో నడిచింది. అదే పద్ధతితో ఎరువుల కార్పొరేషన్ 1980లో రామగుండంలో ఉత్పత్తి ప్రారంభించింది. సింగరేణి బొగ్గు చేరువలోనే ఉంది. ఏటా 4.95 లక్షల టన్నుల యూరియా లక్ష్యం. బూడిద ఎక్కువున్న బొగ్గు, కరెంటు కొరత, యంత్రాల మరమ్మతుల వల్ల ఉత్పత్తి ఆ అంకెకు చేరలేదు. 1999లో కర్మాగారం మూతపడింది. 2021లో అక్కడే ఉత్పత్తి మొదలుపెట్టిన 12.7 లక్షల టన్నుల కొత్త ప్లాంటు ముడిసరుకు సహజవాయువు.

కాబట్టి ఒప్పందం వార్త రాగానే కొనుగోలుకు దిగక మదుపుదారులు మూడు విషయాలు విచారించాలి. కొనే దేశపు బొగ్గులో బూడిద ఎంత? కంపెనీకి వచ్చేది ఒక్కసారి ముట్టే లైసెన్సు రుసుమా, ఏటా వచ్చే ఎరువు లాభమా? అక్కడ గ్యాసు చవకగా దొరుకుతుందా? జవాబు దొరకనంతవరకు అది సట్టాయే గాని మదుపు కాదు.