గోడలు మందమట, సోలార్ యాప్ పలకదట!

ప్రశ్న: గోపన్‌పల్లిలో మాది రెండంతస్తుల ఇల్లు. పోయినేడు మేడ మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించాం. ఇన్వర్టర్ మెట్ల గదిలో, వైఫై రౌటర్ కింద హాల్లో ఉన్నాయి. యాప్ వారంలో నాలుగు రోజులు 'ఆఫ్‌లైన్' అంటోంది. పెట్టినవాళ్లను అడిగితే, "మీ గోడలు మందం సార్, మేమేం చేస్తాం" అంటున్నారు. కేసు వేయొచ్చా?

జవాబు: వేయొచ్చు. ముందు కొటేషన్ బయటికి తీయండి. అందులో 'ఆన్‌లైన్ మానిటరింగ్' అని రాసి ఉంటే, అది మీరు డబ్బిచ్చి కొన్న సేవే. గోడలు నిన్న మొన్న లేచినవి కావు కదా, సైట్ చూసిపోయిన రోజూ అక్కడే ఉన్నాయి. ఇన్వర్టర్ బిగించే చోట ఫోన్ పట్టుకుని సిగ్నల్ గీతలు చూడటం నిమిషం పని. అదీ చేయలేదంటే, వినియోగదారుల రక్షణ చట్టం 2019 సెక్షన్ 2(11) కింద సేవాలోపమని వాదించవచ్చు. రౌటర్‌ను మీరే తర్వాత వేరే గదిలోకి మార్చి ఉంటే మాత్రం మీ వాదన పలచబడుతుంది.

ఇంకో మాట. యాప్ ఆగితే కరెంటు ఆగదు. బిల్లు లెక్క నెట్ మీటర్‌ది. కాబట్టి యూనిట్లు పోయాయని పరిహారం అడగకండి. ఆఫ్‌లైన్‌లో ఉండగా ఇన్వర్టర్ ట్రిప్పయి, ఆ సంగతి మీకు తెలియక ఉత్పత్తి పోతే అది వేరే కథ. అందుకే నెలకోసారి నెట్ మీటర్, ఇన్వర్టర్ డిస్‌ప్లే ఫొటోలు తీసి ఉంచుకోండి.

ఇనుప చువ్వల స్లాబ్, దాని మీద నీళ్ల ట్యాంకు ఉంటే వైఫై కుంటుతుంది. మెట్ల గది దాకా లాన్ కేబుల్ లాగి చిన్న యాక్సెస్ పాయింట్ పెడితే చాలాసార్లు తీరిపోతుంది. కంపెనీకి పంపే నోటీసులో అదే కోరండి, మనోవేదనకు లక్షలు కాదు. సిమ్‌తో నడిచే డాంగిల్ ఇచ్చి, మొబైల్ సిగ్నల్ బూస్టర్ కొనుక్కోమంటే ఒప్పుకోకండి. అనుమతి లేకుండా ఆ బూస్టర్ వాడటం చట్టవిరుద్ధం. మామూలు వైఫై రిపీటర్‌కు ఆ బెడద లేదు.

పీఎం సూర్యఘర్ సబ్సిడీ (3 కిలోవాట్లకు 78,000 రూపాయలు) తీసుకుని ఉంటే, పెట్టినవాళ్లదే ఐదేళ్ల నిర్వహణ బాధ్యత కూడా. ఆ సంగతి గుర్తు చేస్తూ 15 రోజుల గడువుతో ఆ నోటీసు రాతపూర్వకంగా పంపండి. కదలకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. ఆపై రంగారెడ్డి జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కంపెనీ బెంగళూరులో ఉన్నా మీరుండే చోటే కేసు వేయొచ్చు. చెల్లించింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు. సమస్య మొదలైన రెండేళ్లలోపు వేయాలి.

వాట్సాప్ సందేశాలు చెరిపేయకండి. ఈసారి టెక్నీషియన్ వస్తే, మెట్ల గదిలో సిగ్నల్ ఎన్ని గీతలుందో సర్వీసు రిపోర్టులో రాయించి, సంతకం పెట్టించుకున్నాకే గేటు తీయండి.