నిలిచిన చెట్టుకు వెల

నిలిచిన అడవి లోకానికంతటికీ నీటిని, చల్లదనాన్ని పంచుతుంది. దానిని నరకక కాపాడిన యజమానికి మాత్రం రాబడి ఉండదు. పశువుల మేతభూముల కోసం వనాలను విస్తారంగా కోల్పోయిన కోస్టారికా ఈ అన్యాయాన్ని గుర్తించింది. మధ్య అమెరికాలోని ఆ చిన్న దేశం 1996లో చేసిన అటవీ చట్టం, అడవిని తొలగించి ఆ నేలను ఇతర అవసరాలకు మళ్ళించడాన్ని నిషేధించింది. నిషేధంతోనే ఆగి ఉంటే అది రైతుకు శిక్షయే అయ్యేది. కర్బన వాయువులను తగ్గించడం, జలరక్షణ, జీవవైవిధ్యం, ప్రకృతి సౌందర్యం అనే నాలుగింటిని అడవి చేసే సేవలుగా ఆ చట్టం పేర్కొన్నది. 1997 నుండి ప్రభుత్వం భూయజమానులతో ఒప్పందాలు చేసుకొని, వాటికి ప్రతిఫలం చెల్లిస్తున్నది. ఇందుకై 2001లో ఇంధనపు పన్ను రాబడిలో 3.5 శాతం కేటాయించారు. పొగ వదిలే వాహనం చెట్టు ఋణం తీర్చుకొనడం సముచితమే కదా! అయితే ఆ ప్రతిఫలం స్వల్పం. అనాస తోటలు లాభాలు పండించే నేలలలో దానికి ఆకర్షణ తక్కువ; సేద్యానికి అనువుగాని భూములు గలవారే ఎక్కువగా ముందుకు వస్తున్నారు.