చెవిపోటు – దేహరక్షణ

బీదరు ప్రక్కనున్న నౌబాద్‌లో బహమనీల కాలపు భూగర్భ జలమార్గము కలదు. దానిని కరేజ్ అందురు. లోపలి సొరంగమునకు గాలి అందుటకై పైనుండి బావులవంటి గుంతలు త్రవ్విరి. మార్గము పూడినచో నీరు నిలిచిపోవును. మానవుని చెవియు ఇట్టిదే.

కర్ణభేరికి లోపలనున్న చిన్న గదియే మధ్యకర్ణము. అచ్చటినుండి ముక్కు వెనుకకు యూస్టేషియన్ నాళము పోవును. గాలిని లోనికి పంపుట, ద్రవమును వెలుపలికి తీయుట దాని పని. పిల్లలలో అది పొట్టిగాను, అడ్డముగాను ఉండును. పడిశముచే అది మూసుకొనగా లోన ద్రవము నిలిచి, న్యూమోకాకస్ వంటి క్రిములు పెరుగును.

అప్పుడు దేహము ఊరకుండదు. రక్తనాళములు విప్పారును, తెల్లకణములు వచ్చి క్రిములను మ్రింగును. ఆ పోరులో చచ్చిన కణములే చాలవరకు చీమగును. కావున వాపు, నొప్పి, జ్వరము క్రిముల చేష్టలు మాత్రమే కావు. రక్షకుల పనియు అందు కలదు. పోరు దీర్ఘకాలము సాగినచో కర్ణభేరికి చిల్లుపడి, లోని చిన్న ఎముకలు క్షీణించి వినికిడి తగ్గవచ్చును.

గర్భమున తల్లినుండి వచ్చిన ప్రతిరక్షకములు కొన్ని మాసములలో తరిగిపోవును. శిశువు స్వంత శక్తి బలపడుటకు కాలము పట్టును. ఈ నడిమి కాలముననే చెవిపోటు హెచ్చు. చనుబాలు ఈ లోటును కొంత తీర్చును. ఇంటిలోగాని అంగడిలోగాని పొగత్రాగుట బిడ్డకు కీడు. న్యూమోకాకస్ టీకా 2017లో భారత ప్రభుత్వ కార్యక్రమమున చేరి, 2021లో దేశమంతట విస్తరించినది.

కారుచున్న చెవిలో నూనె పోయరాదు, పుల్లతో కెలుకరాదు. పిలిచినను పలుకని బిడ్డను మొండివాడనుటకు ముందు, వాని చెవులను వైద్యునికి చూపవలెను.