తెర వెలిగినప్పుడు మీ కళ్లు ఎటున్నాయి?

క్లాసులో డిజిటల్ బోర్డు వెలిగింది. కిరణజన్య సంయోగక్రియ వీడియో మొదలైంది. ఆకు మెరుస్తోంది, దాని మీద ఎండ పడుతోంది, ఎవరిదో చక్కటి గొంతు అంతా వివరిస్తోంది. ఇంతకీ మీరెక్కడున్నారు? పిల్లలతో పాటు మీరూ వీడియోనే చూస్తున్నారా? కుర్చీలో కూర్చుని యాప్‌లో వివరాలు ఎక్కిస్తున్నారా? లేక పిల్లల మొహాలు కనిపించేచోట నిలబడ్డారా?

టీచర్ పనితనం తెలిసేది అక్కడే. పాఠం చెప్పే భారం కాసేపు యంత్రం మోసిందంటే, మీ చూపుకు అంతసేపు తీరిక దొరికినట్టు. ఆ తీరికను పిల్లల మీద ఖర్చు పెడితే టెక్నాలజీ మీకు తోడవుతుంది. పెట్టకపోతే ఆ గదిలో టీవీ ఉంటుంది, టీచర్ ఉండరు.

యాభై ఏళ్ల కిందటే తేలిన సంగతి

1975 ఆగస్టులో ఇస్రో ఒక సాహసానికి దిగింది. అమెరికా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 పల్లెలకు ఏడాది పాటు టీవీ కార్యక్రమాలు పంపింది. 'సైట్' పేరుతో సాగిన ఆ ప్రయోగంలో మన మహబూబ్‌నగర్ జిల్లా ఊళ్లూ ఉన్నాయి. ఇనుప జాలీతో చేసిన గొడుగు యాంటెన్నా, ఊరందరికీ కలిపి ఒక టీవీ పెట్టె. పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు కార్యక్రమాలు.

అదే ప్రయోగంలో సుమారు 50 వేల మంది ప్రాథమిక పాఠశాల టీచర్లకు సైన్సు బోధనలో శిక్షణ ఇచ్చారు. వాళ్లను టీవీ ముందు కూర్చోబెట్టి వదిలేయలేదు. టీవీలో చూడటం, రేడియోలో వినటం, గుంపుగా కూర్చుని చర్చించటం, చేత్తో చేసి చూడటం, అన్నీ కలిపి శిక్షణను తయారుచేశారు. ఆకాశం నుంచి పాఠం దించగలిగినవాళ్లు కూడా ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవడాన్ని వదులుకోలేదు.

కరోనా ఏడాది మనకు మళ్లీ అదే పాఠం వచ్చింది. 2020 సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ చానెళ్లలో 3 నుంచి 10వ తరగతి పిల్లలకు పాఠాలు ప్రసారమయ్యాయి. పాఠం చాలా ఇళ్లకు చేరింది. కానీ విన్నారా, అర్థమైందా అన్నది టీవీ చెప్పలేదు. అది తెలుసుకోవడానికి టీచర్లు ఫోన్లు చేశారు, వర్క్‌షీట్లు దిద్దారు, ఇళ్లకు వెళ్లారు. చదువు ఆ మాత్రం నిలబడిందంటే ఆ పలకరింపు వల్లే.

2023లో యునెస్కో ప్రపంచ విద్యా నివేదిక చెప్పిన మాట కూడా ఇంచుమించు ఇదే: టెక్నాలజీ టీచర్‌కు తోడుగా ఉండాలి, టీచర్ స్థానంలోకి రాకూడదు. సరే, మరి రేపటి పీరియడ్‌లో ఏం చేయాలి? అయిదు అలవాట్లు చేసుకోండి.

1. ఆపండి, అడగండి

పది నిమిషాల వీడియోను ఒక్క బిగిన నడపకండి. మూడు నాలుగు నిమిషాలకోసారి ఆపండి. "అర్థమైందా?" అని మాత్రం అడగకండి. అడిగితే క్లాసంతా ఒకే రాగంలో "అర్థమైంది సార్" అంటుంది. దాని బదులు "ఇప్పుడు ఏం జరుగుతుందో చెప్పండి", "ఈ చెట్టును గదిలో పెట్టి తలుపేస్తే ఏమవుతుంది?" అని అడగండి. జవాబు తప్పయినా ఫర్వాలేదు. పిల్లవాడు ఎక్కడ ఆగాడో మీకు తెలుస్తుంది.

2. మార్కుల వెనక ఉన్న కారణం వెతకండి

పుణ్యక్షేత్రం యాదగిరిగుట్టనే తీసుకోండి. ఆదివారం వచ్చిందంటే గుట్ట కింద జాతరే. కార్తీక మాసంలో వ్రతాలకు వచ్చేవాళ్లతో రద్దీ ఇంకా పెరుగుతుంది. కొబ్బరికాయల దుకాణమో, హోటలో, ఆటోనో నడిపే ఇంట్లో పిల్లలు కూడా ఓ చెయ్యి వేస్తారు. అలాంటి పిల్లవాడు సోమవారం ఆన్‌లైన్ క్విజ్‌లో పదికి మూడు తెచ్చుకుంటే, యాప్ ఎర్ర గీత గీసి ఊరుకుంటుంది. నిన్న రాత్రి దుకాణం ఎప్పుడు కట్టేశారో మీరు అడగగలరు. అడిగాక ఆ క్విజ్‌ను బుధవారానికి మార్చగలరు.

3. ఫోన్ ఎవరి జేబులో ఉందో తెలుసుకోండి

వీడియో లింకు గ్రూపులో పెట్టేసి హోంవర్క్ అయిపోయిందనుకోకండి. చాలా ఇళ్లలో ఫోన్ ఒక్కటే, అదీ నాన్న జేబులో ఉంటుంది. నాన్న ఇంటికి వచ్చేసరికి పిల్ల నిద్రపోతుంది. ఒకసారి క్లాసులో ఎవరెవరికి ఏ వేళ ఫోన్ దొరుకుతుందో రాసుకోండి. దొరకని వాళ్లకు అదే వీడియోను బడిలోనే చూపించండి, లేదా కాగితం మీద ప్రశ్నలివ్వండి. ఎవరి దగ్గర ఫోన్ లేదో నలుగురిలో చెప్పించకండి. చదువు కన్నా ముందు బిడ్డ మర్యాద ముఖ్యం.

4. మంచి కబురుకు కూడా ఫోన్ చేయండి

బడి నుంచి ఫోన్ వస్తే ఇంట్లో గుండె గుభేలుమంటుంది. "మా పోరడు ఏం చేసిండు సార్?" అన్నదే మొదటి మాట. వారానికి ఒక్క ఇంటికైనా "మీ వాడు ఇవాళ లెక్క బాగా చేసిండమ్మా" అని చెప్పడానికే ఫోన్ చేయండి. వాట్సాప్ గ్రూపులో వంద ఫార్వర్డులు తేలేని నమ్మకం ఆ రెండు నిమిషాల్లో వస్తుంది. రేపు నిజంగానే ఏదైనా సమస్య వస్తే, ఆ తల్లి మీతో దాపరికం లేకుండా మాట్లాడుతుంది.

5. జవాబు యంత్రం ఇవ్వనీ, మెప్పు మీరివ్వండి

కంప్యూటర్, ఏఐ తమకంటే పిల్లలకే బాగా వచ్చని కొందరు టీచర్లు జంకుతారు. జంకక్కర్లేదు. విద్యా పరిశోధకుడు సుగత మిత్ర తమిళ పల్లె కాళికుప్పంలో పిల్లలకు ఒక కంప్యూటర్ ఇచ్చి, జీవసాంకేతిక శాస్త్రం వాళ్లంతట వాళ్లే నేర్చుకోమని వదిలారు. పరీక్షలో సుమారు 30 శాతం మార్కులు వచ్చాయి. తర్వాత, ఆ సబ్జెక్టు ఏమాత్రం రాని ఒక యువతిని తోడిచ్చారు. ఆమె చేసిందల్లా వెనక నిలబడి ఆశ్చర్యపోవడం, ఎలా చేశారో చెప్పమని అడగటం, మెచ్చుకోవడం. మార్కులు 50 శాతానికి చేరాయని ఆయన చెబుతారు.

మీకు సబ్జెక్టు వచ్చు, పిల్లల పేర్లు వచ్చు, వాళ్ల ఇళ్లు తెలుసు. ఇక బోర్డు ఎలా నడపాలో తెలియకపోతే క్లాసులో ఒక పిల్లను పిలిచి నేర్పమనండి. మీకు పాఠం చెప్పిన ఆ పిల్ల ఏడాదంతా తల ఎత్తుకుని తిరుగుతుంది.

ఈ అయిదూ ఒకేసారి మొదలుపెడితే ఏదీ నిలవదు. ముందు ఒక్కటి పట్టుకోండి. ఈ వారం మీరు ఒక్కసారైనా పేరు పెట్టి పిలవని పిల్లలెవరో ఆలోచించండి. వాళ్లలో ముగ్గురి పేర్లు డైరీలో రాసుకోండి. రేపు వీడియోను ఆపినప్పుడల్లా మొదటి ప్రశ్న వాళ్లకే వేయండి. వచ్చే వారం మరో ముగ్గురు. పరీక్షలు వచ్చేసరికి క్లాసులో మీతో మాట్లాడని బిడ్డ ఉండకూడదు. ఆ లెక్క ఏ యాప్‌లోనూ ఎక్కదు, మీరే పెట్టుకోండి.